కాళ్ల వాపు, అధిక రక్తపోటు, రెండు డైయూరెటిక్‌లు: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

కాళ్ల వాపుతో వచ్చిన మనిషికి డైయూరెటిక్ (ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే మందు) రాసే ముందు, ఆ వాపు గుండె నుంచి వచ్చిందా, కిడ్నీల నుంచా, కాలేయం నుంచా, సిరల నుంచా, లేక అప్పటికే వేసుకుంటున్న మరో మందు వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. ఇది వైద్యులందరికీ తెలిసిన విషయమే. అయినా తిరుపతి చుట్టుపక్కల పల్లెల నుంచి మా జనరల్ మెడిసిన్ ఓపీకి వచ్చే పెద్దవాళ్ల మందుల సంచుల్లో, ఎవరు రాశారో, ఎందుకు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేని ఫ్యూరోసెమైడ్ అనే డైయూరెటిక్ షీటు ఒకటి తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. జనం దానిని ‘నీళ్ల మాత్ర’ అంటారు, ‘వాపు మాత్ర’ అంటారు. ఆపే తేదీ లేకుండా, రక్త పరీక్ష లేకుండా అది నెలల తరబడి నడిచినప్పుడు ఏమవుతుందో, అదే తరగతి మందును అవసరమైన మనిషి భయపడి మానేసినప్పుడు ఏమవుతుందో, ఒకే కుటుంబంలో కొద్ది వారాల తేడాతో చూడవలసి వచ్చింది. వారి అనుమతితో, వారిని గుర్తుపట్టగల వివరాలు మార్చి, ఈ కేసును రాస్తున్నాను.

రోగి వయసు 67 ఏళ్లు, బరువు 46 కిలోలు. పాకాల వైపు పల్లెలో వ్యవసాయ కుటుంబం. తిరుపతిలో గంగజాతర జరుగుతున్న మే నెల వారంలో కొడుకూ కోడలూ ఆమెను క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. మూడు రోజులుగా ముద్ద సయించడం లేదు, రెండు రోజులుగా వాంతులు, ముందు రోజు రాత్రి బాత్రూముకు వెళ్తూ కళ్లు తిరిగి పడిపోయింది, తెల్లవారినప్పటి నుంచి మాటల్లో పొంతన లేదు. ‘అత్తమ్మ నన్ను గుర్తుపట్టలేదు సార్, వాళ్లమ్మ అనుకోని పిలస్తా ఉండాది’ అని కోడలు చెప్పింది. ఎండ 40 డిగ్రీలు దాటి కాస్తున్న రోజులు కావడంతో ఇంట్లో అందరూ వడదెబ్బ అనుకున్నారు. దారిలో ఒకచోట ఆపి గ్లూకోజు సీసా ఒకటి ఎక్కించుకుందామని కూడా అనుకున్నారట. ఎక్కించకపోవడం ఆమె అదృష్టం. కారణం ముందు ముందు తెలుస్తుంది.

వడదెబ్బ అనడానికి ఆమె ఒంట్లో జ్వరం లేదు. నాడి నిమిషానికి 104. పడుకున్నప్పుడు బీపీ 104/64, లేపి కూర్చోబెట్టగానే 84/52. నాలుక ఎండిపోయింది, మెడలోని సిరలు పడుకోబెట్టినా నిండడం లేదు, ఊపిరితిత్తుల్లో నెమ్ము శబ్దాలు లేవు, పొట్టలో నీరు లేదు. తానెక్కడ ఉన్నదీ, ఏ రోజన్నదీ చెప్పలేకపోయింది కానీ కాళ్లూ చేతులూ సమంగా కదిలిస్తోంది, మూర్ఛ రాలేదు. ఇంతగా నీరు కోల్పోయిన ఆ శరీరంలో రెండు పాదాలు మాత్రం చీలమండల పైదాకా ఇంకా వాచే ఉన్నాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఈ ఒక్క వైరుధ్యమే కేసుకు తాళంచెవి. శరీరమంతా ఎండిపోయినా పాదాల వాపు తగ్గలేదంటే, ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చినది కాదు. దాన్ని నీరు తీసి తగ్గించడం కుదరదు.

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, వాడుతున్నవీ మానేసినవీ కూడా, తెప్పించమని కొడుకును అడిగాము. సాయంత్రానికి పల్లె నుంచి ఒక ప్లాస్టిక్ సంచి వచ్చింది. సంచిలోని షీట్లను, పాత చీటీలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టి, కోడలిని అడుగుతూ రాసుకున్న క్రమం ఇది.

తొమ్మిదేళ్లుగా ఆమెకు బీపీ ఉంది. రోజుకు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు, యామ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో చాలా కాలం బాగానే అదుపులో ఉండేది. జనవరిలో 164/92 కనిపించడంతో యామ్లోడిపిన్‌ను 10 మిల్లీగ్రాములకు పెంచారు. ఫిబ్రవరి నాటికి సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచడం మొదలైంది. ఊళ్లోనే ఒకరు చూసి ‘నీరు పట్టింది’ అని రోజూ పొద్దున ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు వేసుకోమన్నారు. మొదటి నాలుగైదు రోజులు వాపు కొంచెం తగ్గినట్టు అనిపించింది, తర్వాత మళ్లీ వచ్చింది. తగ్గలేదు కాబట్టి ఆపలేదు. మార్చిలో మోకాళ్ల నొప్పులకు మందుల షాపు నుంచి అసిక్లోఫెనాక్ తెచ్చుకుని రోజుకు రెండు పూటలా వేసుకుంది. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీల్లో ఉప్పును నిలబెట్టి బీపీని పెంచుతాయి. ఏప్రిల్‌లో మరో క్లినిక్‌లో చూపించుకుంటే 158/90 ఉంది. అక్కడి డాక్టరు టెల్మిసార్టాన్ తీసేసి, దాని బదులు టెల్మిసార్టాన్ 40, క్లోర్‌థాలిడోన్ (ఇదీ డైయూరెటిక్కే) 12.5 కలిసి ఉన్న మాత్ర రాశారు, ఉప్పు తగ్గించమన్నారు.

ఆ డాక్టరు తన ముందున్న సమాచారంతో తీసుకున్న నిర్ణయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన ‘బీపీ మాత్రలు చూపించండి’ అని అడిగారు, వాళ్లు బీపీ మాత్రలే చూపించారు. ఫ్యూరోసెమైడ్ ఇంట్లో వాళ్ల లెక్కలో వాపు మాత్ర, అసిక్లోఫెనాక్ నొప్పుల మాత్ర. అవి రెండూ వేరే డబ్బాలో ఉండిపోయాయి. ఆ రోజు నుంచి ఆమె ఒంట్లో రెండు డైయూరెటిక్‌లు, ఒక టెల్మిసార్టాన్, ఒక నొప్పి మాత్ర కలిసి పనిచేస్తున్నాయి. ఆమె ఉప్పు తగ్గించడమే కాదు, పూర్తిగా మానేసింది. సంగటిలోకి ఊరిబిండి మాని, ఉప్పులేని మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. ఎండలకు నీళ్లు బాగా తాగాలని ఎవరో చెబితే రోజుకు నాలుగు లీటర్ల దాకా తాగుతోంది.

వేసవిలో ఎక్కువ నీళ్లు తాగడం మంచిదే కదా అని అడగవచ్చు. కిడ్నీలు సవ్యంగా పనిచేసే మనిషికి మంచిదే. కానీ తాగిన నీటిని పలచటి మూత్రంగా బయటికి పంపే పని కిడ్నీ నాళికల్లో ఏ భాగం చేస్తుందో, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి థయాజైడ్ తరహా మందులు సరిగ్గా ఆ భాగం మీదే పనిచేస్తాయి. ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ నాళికలో అంతకు ముందున్న హెన్లీ వంపు అనే భాగం మీద పనిచేసి, మూత్రాన్ని పలచబరిచే శక్తితో పాటు చిక్కబరిచే శక్తిని కూడా తగ్గిస్తాయి. థయాజైడ్‌లు పలచబరిచే శక్తిని మాత్రమే తీసేస్తాయి, నీటిని వెనక్కి లాక్కునే శక్తి అలాగే ఉంటుంది. కాబట్టి సోడియం బయటికి పోతూ, నీళ్లు లోపల నిలిచిపోతాయి. రక్తంలో సోడియం పడిపోవడం ఫ్యూరోసెమైడ్‌తో కంటే థయాజైడ్‌లతో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. అది సాధారణంగా మందు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాల్లో బయటపడుతుంది, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. వయసు పైబడిన, బక్కపలచని స్త్రీలలో ఈ ముప్పు అందరికంటే ఎక్కువ. నొప్పి మాత్రలు, కొన్ని మానసిక వైద్య మందులు, ఉప్పు లేని తిండి, అతిగా నీళ్లు దానిని ఇంకా పెంచుతాయి. ఈ ముప్పుల్లో ఒక్క మానసిక వైద్య మందులు తప్ప మిగిలినవన్నీ ఈమెలో ఉన్నాయి.

రక్త పరీక్షలు అనుమానాన్ని నిర్ధారించాయి. సోడియం 114 (ఉండవలసింది 135 నుంచి 145), పొటాషియం 2.7 (ఉండవలసింది 3.5 నుంచి 5), క్లోరైడ్ 74, బైకార్బొనేట్ 31, యూరియా 78, క్రియాటినిన్ 1.9, యూరిక్ యాసిడ్ 9.1, మెగ్నీషియం 1.5, గ్లూకోజు 118. గతేడాది చీటీలో క్రియాటినిన్ 0.9 ఉంది. ఈసీజీలో పొటాషియం తగ్గినప్పుడు వచ్చే యూ తరంగాలు కనిపించాయి, గుండె లయ తప్పే ముప్పును సూచించే క్యూటీ వ్యవధి 490 మిల్లీసెకన్లకు పెరిగింది. పడిపోయిందన్నారు కాబట్టి మెదడుకు సీటీ తీశాము, రక్తస్రావం లేదు. థైరాయిడ్, కార్టిసాల్ సరిగ్గానే ఉన్నాయి. వాపు మూలం తెలుసుకోవడానికి చేసిన పరీక్షలు అన్నీ ఒకే మాట చెప్పాయి: ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె పంపింగ్ మామూలుగానే 62 శాతం, రక్తంలో అల్బుమిన్ 3.9, మూత్రంలో ప్రొటీన్ లేదు, కాలేయం స్కానింగ్‌లో తేడా లేదు.

ఇక మిగిలింది యామ్లోడిపిన్. ఈ మందు సన్నటి ధమనులను వదులు చేసినంతగా సిరల వైపు వదులు చేయదు. కాలువకు తూము పూర్తిగా ఎత్తి, చివర మడవ మాత్రం సగం మూసి ఉంచితే గట్టు ఒరిసి నీరు చెమర్చినట్టు, రక్తకేశనాళికల్లో ఒత్తిడి పెరిగి ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. మొత్తం ఒంట్లో ఉప్పూ నీరూ పెరగలేదు, ఉన్నచోటు మారింది, అంతే. అందుకే డైయూరెటిక్‌లు దీని మీద పెద్దగా పనిచేయవు. మోతాదు 5 నుంచి 10కి పెంచినప్పుడు ఈ వాపు బాగా ఎక్కువవుతుంది. మోతాదు తగ్గించడమో, అదే మందుల కుటుంబంలో వాపు తక్కువగా తెచ్చే సిల్నిడిపిన్ వంటి దానికి మార్చడమో దీనికి మందు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా భావించి మరో మందు రాయడం, దాని ఇబ్బందికి ఇంకొకటి చేర్చడం మన దగ్గర ఎంత సులువుగా జరిగిపోతుందో ఈ సంచి చూస్తే తెలిసింది. ఆమెకు ఫిబ్రవరిలో కావలసింది ఒక మాత్ర తగ్గించడం. జరిగింది చేర్చడం.

చికిత్సలో మొదటి పని క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్, టెల్మిసార్టాన్, అసిక్లోఫెనాక్, యామ్లోడిపిన్ అన్నిటినీ ఆపడం. డైయూరెటిక్, టెల్మిసార్టాన్ తరహా మందు, నొప్పి మాత్ర మూడూ కలిసి, పైన వాంతులు కూడా తోడైతే కిడ్నీ వడపోతను నిలబెట్టే ఏర్పాట్లన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. క్రియాటినిన్ రెట్టింపు కావడానికి అదే కారణం. క్లోర్‌థాలిడోన్ ప్రభావం మాత్ర ఆపిన రోజే పోదు. దాని అర్ధజీవిత కాలం, అంటే ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం, 40 నుంచి 60 గంటలు. ఇంకా కొన్ని రోజులు అది లోపల పనిచేస్తూనే ఉంటుందని లెక్కలో పెట్టుకోవాలి.

రెండో పని సోడియం పెంచడం. ఇక్కడ తొందరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. రోజుల తరబడి మెల్లగా పడిపోయిన సోడియాన్ని ఒక్కసారిగా పైకి లాగితే మెదడు కాండంలోని నాడీ తొడుగులు దెబ్బతింటాయి, మనిషి మాట పడిపోయి, కాళ్లూ చేతులూ కదలని స్థితికి చేరవచ్చు. పొటాషియం తక్కువగా ఉన్నవారిలో, సరిగా తినని వారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మూర్ఛలు, స్పృహ లేకపోవడం ఉంటే 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పునీరు) వెంటనే ఇవ్వవలసిందే. ఈమెకు అవి లేవు. అందువల్ల 24 గంటల్లో సోడియం పెరుగుదల లీటరుకు 8 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదని గీత గీసుకుని, అర లీటరు మామూలు 0.9 శాతం సెలైన్ ఇచ్చి బీపీ నిలబెట్టాక, గంటకు 75 మిల్లీలీటర్ల చొప్పున, ప్రతి అర లీటరుకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్ కలిపి నడిపాము. ఇచ్చిన పొటాషియం కూడా సోడియాన్ని పైకి తెస్తుందన్నది ఈ లెక్కలో మరిచిపోకూడని అంశం. మెగ్నీషియం కూడా సరిదిద్దాము, అది తక్కువగా ఉన్నంతసేపు పొటాషియం నిలబడదు.

దారిలో గ్లూకోజు ఎక్కించి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది. 5 శాతం గ్లూకోజులోని చక్కెరను శరీరం వాడేసుకున్నాక మిగిలేది ఉత్త నీరే. సోడియం 114 ఉన్న మనిషికి అది మెదడు వాపును పెంచేది. అయితే పన్నెండు గంటల తర్వాత అదే గ్లూకోజును మేమే ఇవ్వవలసి వచ్చింది. నాలుగు గంటలకు సోడియం 115, ఎనిమిది గంటలకు 118, పన్నెండు గంటలకు 121. అప్పటికి మూత్రం గంటకు 300 మిల్లీలీటర్లు దాటింది. ఒంట్లో నీటి కొరత తీరగానే నీటిని పట్టి ఉంచే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది, పలచటి మూత్రం ధారగా పోతుంది, సోడియం మన అదుపు దాటి ఎగబాకుతుంది. థయాజైడ్ వల్ల సోడియం పడిపోయిన వారిలో ఇది మామూలుగా ఎదురయ్యే మలుపు. గంటకోసారి మూత్రం కొలవమని వార్డు నర్సులకు చెప్పింది దీన్ని పట్టుకోవడానికే, వాళ్లు అర్ధరాత్రి రెండు గంటలకు సరిగ్గా పట్టుకున్నారు. సెలైన్ ఆపి, పోతున్న మూత్రానికి తగ్గట్టు 5 శాతం గ్లూకోజు ఇచ్చాము, ఆ హార్మోనులా నీటిని పట్టి ఉంచే డెస్మోప్రెసిన్ అనే మందు సిద్ధంగా ఉంచుకున్నాము, వాడవలసిన అవసరం రాలేదు. 24 గంటలకు సోడియం 121 దగ్గరే నిలిచింది. 48 గంటలకు 127, మూడో రోజు 131, డిశ్చార్జ్ నాటికి 135. క్రియాటినిన్ 1.1కి, పొటాషియం 3.9కి వచ్చాయి. రెండో రోజు సాయంత్రమే కోడలిని గుర్తుపట్టి, ఇంట్లో ఆవుకు మేత వేసేది ఎవరని అడిగింది.

బీపీ మళ్లీ పెరుగుతుందని తెలుసు. నాలుగో రోజు 150/86, ఆరో రోజు 162/90. సిల్నిడిపిన్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాము. వారం తర్వాత క్రియాటినిన్ 0.9 ఉందని చూసుకుని టెల్మిసార్టాన్ 20, ఆ తర్వాత 40 చేర్చాము. యామ్లోడిపిన్ ఆపిన పది రోజుల్లో పాదాల వాపు పూర్తిగా పోయింది. మూడు వారాలకు బీపీ 136/78, సోడియం 138. మోకాళ్లకు పారాసిటమాల్, పూత మందు, తొడ కండరాల వ్యాయామం చెప్పాము. థయాజైడ్‌తో ఒకసారి సోడియం ఇంతగా పడిపోయిన మనిషికి ఆ తరగతి మందు చిన్న మోతాదులో కూడా మళ్లీ ఇవ్వకూడదు. అది మళ్లీ అలాగే చేస్తుంది. ఈ మాటను ఆమె డిశ్చార్జ్ చీటీ మొదటి వరుసలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించాను.

ఇంతవరకే అయితే ఇది థయాజైడ్ హెచ్చరిక కేసుగా మిగిలిపోయేది. చంద్రగిరిలో ఉండే ఆమె అన్న చెల్లెలిని చూడటానికి వార్డుకు వచ్చి, నీళ్ల మాత్రల వల్ల ఇంత పని జరిగిందని విన్నాడు. ఆయనకు 72 ఏళ్లు. మూడేళ్ల క్రితం గుండెపోటు వచ్చి గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయింది. రామిప్రిల్, బైసోప్రొలాల్‌తో పాటు టార్సెమైడ్ 20 మిల్లీగ్రాములు, స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు వాడుతూ, పొలానికి నడిచి వెళ్లి వచ్చేంత బాగా ఉన్నాడు. ఇంటికి వెళ్లి ఆ చివరి రెండు మాత్రలు మానేశాడు. రెండు వారాలు గడిచేసరికి అర్ధరాత్రి పడుకోలేక, కిటికీ దగ్గర కూర్చుని ఆయాసపడుతున్న మనిషిని కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ఆక్సిజన్ 88 శాతం, బీపీ 168/100, మెడ సిరలు చెవి కింది దాకా ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తుల కింది సగం నిండా నెమ్ము శబ్దాలు, పిక్కల దాకా వాపు. మామూలుగా 61 కిలోలుండే బరువు 66.

చెల్లెలి వాపూ అన్న వాపూ వేలితో నొక్కితే ఒకేలా గుంట పడతాయి. తేడా మెడ సిరల్లో ఉంది, ఊపిరితిత్తుల్లో ఉంది, బరువులో ఉంది. ఈ మూడూ చూడటానికి స్కానింగు అక్కరలేదు. పల్లెలో మొదటగా చూసేవారు కూడా మనిషిని కొంచెం ఏటవాలుగా పడుకోబెట్టి మెడ వైపు చూడగలరు, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు, పడుకుంటే ఆయాసం వస్తోందా అని అడగగలరు.

ఆయనకు ఆక్సిజన్ పెట్టి, ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు సిరలోకి ఇచ్చాము. నోటితో వేసుకునే టార్సెమైడ్ 20, ఫ్యూరోసెమైడ్ 40కి దాదాపు సమానం కాబట్టి అంతకు తక్కువ ఇస్తే ఫలితం ఉండదు. మందు పనిచేస్తోందా లేదా అన్నది మర్నాటి దాకా ఆగి చూడనక్కరలేదు. రెండు గంటలకు మూత్రంలో సోడియం 96 వచ్చింది, మొదటి ఆరు గంటల్లో 1100 మిల్లీలీటర్ల మూత్రం పోసింది. ఈ రెండూ మోతాదు సరిపోయిందనడానికి గుర్తులు. సరిపోకపోతే అదే మోతాదును మళ్లీ మళ్లీ ఇచ్చుకుంటూ పోకుండా రెట్టింపు చేయాలి. ఐదు రోజుల్లో బరువు 61.5కి దిగింది. పాత మాత్రలన్నీ తిరిగి మొదలుపెట్టాము. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ‘మీ చెల్లెలికి ఆ మందు అక్కరలేదు, అందుకే హాని చేసింది. మీకది అవసరం నాయనా, మానకూడదు’ అని, ఆమె ఎకో చిత్రం, ఆయన ఎకో చిత్రం రెండూ చూపిస్తూ చెప్పాను.

డైయూరెటిక్‌లంటే భయం పుట్టించడం ఈ రచన ఉద్దేశం కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. బీపీకి వీటికున్న ఆధారం చాలా బలమైనది. 2002లో ఫలితాలు వెలువడిన ఆల్‌హ్యాట్ అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 33 వేల మందికి పైగా బీపీ రోగులలో, చవకైన క్లోర్‌థాలిడోన్ గుండెపోటును, గుండె జబ్బు మరణాలను ఆపడంలో యామ్లోడిపిన్‌కు, లిసినోప్రిల్‌కు తీసిపోలేదు, గుండె వైఫల్యాన్ని ఆపడంలో ఆ రెంటికంటే మెరుగ్గా నిలిచింది. ఊరగాయ, కారం, ఉప్పు చేపలు ఎక్కువగా తినే మన వాళ్లలో ఉప్పుతో ముడిపడిన బీపీకి ఇవి బాగా పనిచేస్తాయి. నేను రోజూ రాస్తాను. కాకపోతే మాత్ర మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లోపు, మోతాదు మార్చిన ప్రతిసారీ సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడకుండా రాయను. 65 ఏళ్లు దాటి, 50 కిలోల లోపు ఉన్న స్త్రీకి మొదటి పరీక్ష ఒకటి రెండు వారాల్లోనే చేయిస్తాను. చీటీ మీద మందు పేరు పక్కన అది ఎందుకో కూడా రాస్తాను. ‘బీపీకి’ అనో, ‘గుండె నీరుకు’ అనో రాసి ఉంటే తర్వాత చూసే డాక్టరుకు పని సులువవుతుంది.

ఇంట్లో వాళ్లు గమనించవలసినవి కూడా ఉన్నాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, తిండీ నీళ్లూ పోనప్పుడు డైయూరెటిక్, టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ తరహా మాత్రలు ఆ రోజు వేసుకోవచ్చా అన్నది వెంటనే ఫోన్ చేసి డాక్టరును అడగాలి. చాలాసార్లు రెండు మూడు రోజులు ఆపి, తిండి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టమంటాము. లేవగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, కొత్తగా మతిమరుపు, తూలి నడవడం పెద్దవాళ్లలో వయసు వల్ల వచ్చేవేనని సరిపెట్టుకోకుండా, ఈ మాత్రల మీద ఉంటే రక్తం పరీక్ష చేయించాలి. నొప్పి మాత్ర కొనేటప్పుడు డైయూరెటిక్ వాడుతున్నామని షాపులో చెప్పాలి. మాత్ర పొద్దునే వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే రాత్రి మూత్రానికి లేవడం, చీకట్లో పడిపోవడం, తుంటి ఎముక విరగడం వరుసగా వస్తాయి.

తిరుపతిలో ప్రాక్టీసు చేసే వారందరికీ ఎదురయ్యే ఒక ప్రశ్న ఉంది. దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడాలి, అలిపిరి మెట్లు ఎక్కాలి, మధ్యలో మూత్రానికి ఇబ్బంది అని చాలామంది గుండె రోగులు ఆ రోజు మాత్ర మానేస్తారు, కొందరు నీళ్లు తాగడమే మానేస్తారు. రెండోది మరీ ప్రమాదం. ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపు మొదలై సుమారు ఆరు గంటల్లో పని ముగిస్తుంది. టార్సెమైడ్ ప్రభావం దానికంటే కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి పూర్తిగా మానకుండా, ఆ ఒక్క రోజుకు తెల్లవారుజామున వేసుకోవడమో, దర్శనం ముగిసి బసకు చేరాక వేసుకోవడమో డాక్టరుతో మాట్లాడి ముందే నిర్ణయించుకోవచ్చు. క్లోర్‌థాలిడోన్‌కు ఇలా వేళ మార్చినా పెద్ద తేడా ఉండదు. దాని ప్రభావం రోజంతా ఒకేలా సాగుతుంది. పంపింగ్ బాగా తగ్గిన వాళ్లకు మెట్ల దారి వద్దనే చెబుతాను.

అన్నగారి ఫాలోఅప్‌లో ఒక విషయం రాసి ఉంచాలి. బరువు చూసుకునే మిషను కొనిపించి, రోజూ పొద్దున మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు చూసుకుని క్యాలెండరు మీద రాయమన్నాము. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. ఆయన ఒక్క రోజు కూడా తప్పలేదు. మొదటి వారం పొటాషియం 4.6. నాలుగో వారం పరీక్షలో అది 5.4కి చేరింది, క్రియాటినిన్ మారలేదు. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ రెండూ పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మందులే కాబట్టి కొంత పెరగడం సహజం. కానీ నాలుగు వారాల్లో ఇంత పెరగడానికి కారణం వెతికితే ఇంట్లోనే రెండు దొరికాయి. ఎండలకని రోజూ పొద్దునా సాయంత్రం ఒక్కో కొబ్బరిబోండాం తాగుతున్నాడు. మామూలు ఉప్పు గుండెకు మంచిది కాదని కొడుకు ‘తక్కువ సోడియం’ ఉప్పు ప్యాకెట్ తెచ్చి వంటకు వాడిస్తున్నాడు. ఆ ఉప్పులో సోడియానికి బదులు చేర్చేది పొటాషియం క్లోరైడ్. చెల్లెలికి ఆసుపత్రిలో మేము సిరలోకి ఎక్కించిన పదార్థమే ఆయనకు వంటగదిలో నుంచి అందుతోంది. మాత్రల మోతాదు మార్చకుండా ఆ ప్యాకెట్ పక్కన పెట్టించి, మామూలు ఉప్పే రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకుండా వాడమని, కొబ్బరినీళ్లు ఆపి మజ్జిగ తాగమని చెప్పాము. వారం తర్వాత పొటాషియం 4.7. తర్వాతి పరీక్ష మూడు నెలలకు రాశాను.